ఉపాధ్యాయ డైరీ: తనిఖీకి నిండుగా, తరగతికి సగం

పాఠశాలలు తెరిచే రోజులు దగ్గరపడుతున్నప్పుడు నల్లగొండలోని స్టేషనరీ దుకాణాల్లో ఉపాధ్యాయుల కోసం అచ్చయ్యే పుస్తకాలు గుట్టలుగా దిగుతాయి. హాజరు పట్టీలు, ప్రవేశాల రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, మార్కుల రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కల పుస్తకాలు ఎప్పటినుంచో ఉన్నవే. వాటి పక్కన కొన్నేళ్లుగా ‘ఉపాధ్యాయ డైరీ, పాఠ్య ప్రణాళిక’ అన్న పేరుతో ఒక లావుపాటి పుస్తకం కూడా కనిపిస్తోంది. వార్షిక ప్రణాళిక మొదలుకొని విద్యార్థుల మార్కుల దాకా ఉపాధ్యాయుడికి సంవత్సరం పొడవునా అవసరమయ్యే రాతపని అంతా ఇందులో ఇముడుతుందని వెనుక అట్ట మీద అచ్చువేశారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే నేను దీన్ని ఒక విద్యా సంవత్సరం పూర్తిగా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇదే నమూనాలో చిన్నపాటి తేడాలతో పలువురు ప్రచురణకర్తలు డైరీలు తెస్తున్నారు కనుక ప్రచురణకర్త పేరు ప్రస్తావించడం లేదు. ఇక్కడ చెప్పే గుణదోషాలు చాలావరకు ఆ నమూనాకు చెందినవే.

పుస్తకం రూపం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ధర 320 రూపాయలు. గట్టి అట్ట, దారంతో కుట్టిన బైండింగ్, బాల్‌పెన్ రాత వెనుకకు దిగని కాగితం ఉన్నాయి. సిరా పెన్ను వాడేవారికి మాత్రం కొంత ఇబ్బంది తప్పదు. జనవరిలో మొదలై డిసెంబరులో ముగిసే మామూలు డైరీల మాదిరిగా కాక ఇది జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. పుస్తకం తయారుచేసినవారికి బడి క్యాలెండరు తెలుసునని ఈ ఒక్క విషయంతోనే అర్థమవుతుంది. దసరా, సంక్రాంతి సెలవులకు ఖాళీ పేజీలు వృథా చేయలేదు. మార్చి నెల మధ్య నుంచి ఒంటిపూట బడులు ఉంటాయన్న స్పృహతో ఆ వారాలకు పీరియడ్ల గడులు కూడా తగ్గించారు. ఇంత శ్రద్ధ చూసి లోపలి పేజీల మీద నా ఆశ పెరిగిన మాట నిజం.

మొదటి భాగంలో సెలవుల నియమాలు, జీతభత్యాలకు సంబంధించిన పట్టికలు, విద్యాహక్కు చట్టంలోని ముఖ్యాంశాలు ఉన్నాయి. సాధారణ సెలవులు 15, మహిళా ఉపాధ్యాయులకు అదనంగా 5 వంటి వివరాలు ఉపాధ్యాయ సంఘాలు ప్రతి సంవత్సరం వేసే డైరీల్లో ఇంతకంటే విపులంగానే దొరుకుతాయి కనుక ఆ పేజీలకు ఇక్కడ పెద్ద ప్రయోజనం లేదు. చట్టం సంగ్రహం మాత్రం బాగుంది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టంలోని 24వ సెక్షన్, ఉపాధ్యాయుడు క్రమం తప్పకుండా సమయానికి బడికి రావాలని, నిర్ణీత కాలంలో పాఠ్యప్రణాళిక పూర్తిచేయాలని, ఒక్కొక్క పిల్లవాడి అభ్యసన శక్తిని అంచనా వేసి అవసరమైతే అదనపు బోధన అందించాలని, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై పిల్లల హాజరు, ప్రగతి వంటి విషయాలు తెలియజేయాలని నిర్దేశిస్తుంది. ఈ బాధ్యతలన్నీ ఒకే పేజీలో స్పష్టమైన తెలుగులో ఉండటం కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఉపయోగపడుతుంది. 28వ సెక్షన్ ప్రైవేటు ట్యూషన్లను నిషేధిస్తుందన్న సంగతి కూడా పెద్ద అక్షరాలతో వేశారు.

అయితే అదే చట్టం షెడ్యూలులో ఉన్న ఒక ముఖ్యమైన విషయాన్ని ఈ సంగ్రహం వదిలివేసింది. ఉపాధ్యాయుడి పని వారానికి కనీసం 45 గంటలని, అందులో సన్నాహక సమయం కూడా కలిసి ఉంటుందని షెడ్యూలు చెబుతుంది. డైరీలోని కాలనిర్ణయ పట్టికలో మాత్రం బోధనా పీరియడ్లకే గడులున్నాయి. ఒక గణిత ఉపాధ్యాయుడికి వారానికి 30 పీరియడ్లు ఉన్నాయనుకుంటే, 45 నిమిషాల చొప్పున అవి ఇరవై రెండున్నర గంటలు. చట్టం లెక్కలోని మిగతా సగం ఎక్కడ గడుస్తుందో చూపడానికి ఈ పట్టికలో చోటు లేదు. నలభై మంది చొప్పున మూడు తరగతులు చూసే ఉపాధ్యాయుడు ఒక్కొక్క నోటుపుస్తకానికి రెండు నిమిషాలు కేటాయించినా 120 పుస్తకాలు దిద్దడానికి నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలు బోధనలో భాగమే. ఎందుకంటే పిల్లలు ఏ మెట్టు దగ్గర తప్పుతున్నారో తెలిసేది నల్లబల్ల ముందు నిలబడి ఉన్నప్పటికంటే ఆ నోటుపుస్తకాల ముందు కూర్చున్నప్పుడే ఎక్కువ. పట్టికలో ‘సన్నాహం’, ‘నోటుపుస్తకాల దిద్దుబాటు’ అని రెండు వరుసలు చేర్చి ఉంటే, బడి గంట కొట్టగానే ఉపాధ్యాయుడి పని ముగుస్తుందనుకునే వారికి చూపించడానికైనా పనికివచ్చేది.

వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్రణాళిక పేజీలు పద్ధతిగా ఉన్నాయి. అధ్యాయం పేరు, పీరియడ్ల సంఖ్య, సాధించవలసిన విద్యా ప్రమాణాలు, వాడవలసిన బోధనాభ్యసన సామగ్రి అన్న గడులు నేడు పాఠశాలల్లో అడిగే నమూనాకు సరిగ్గా సరిపోతాయి. గణితానికి సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణలు చేయడం, వ్యక్తపరచడం, అనుసంధానం, దృశ్యీకరణ–ప్రాతినిధ్యం అన్న అయిదు ప్రమాణాలను ముందే అచ్చువేయడం వల్ల ప్రతి అధ్యాయానికీ వాటిని తిరిగి రాసే శ్రమ తప్పింది. మండల విద్యాధికారి లేదా కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడు సంతకం చేయవలసిన చోటు, సూచనలు రాయవలసిన చోటు కూడా చక్కగా కేటాయించారు. తనిఖీ అధికారి చేతికి ఇవ్వడానికి ఇంతకంటే అనువైన పుస్తకం నేను చూడలేదు. ఈ విషయంలో ఎలాంటి ఫిర్యాదూ లేదు.

అసలు పరీక్ష పీరియడ్ ప్లాన్, అంటే ఒక్కొక్క పీరియడ్‌లో ఏం చెప్పాలో రాసుకునే పేజీ దగ్గర మొదలవుతుంది. పుస్తకంలో సగానికి పైగా పేజీలు దీనికే పోయాయి. ప్రతి పేజీలోనూ పలకరింపు, ఉన్ముఖీకరణ (పిల్లల దృష్టిని పాఠం వైపు మళ్లించడం), భావనల పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం, ఇంటిపని అన్న వరుసలున్నాయి. చిట్టచివర రెండు వేళ్ల వెడల్పున ‘పిల్లల ప్రతిస్పందన’ అని ఒక వరుస ఉంది. బీఈడీ చదివిన ఎవరికైనా ఈ క్రమం చిరపరిచితమే. సంసిద్ధత, సమర్పణ, పోలిక, సాధారణీకరణం, వినియోగం అంటూ జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ శిష్యుల కాలం నుంచి వచ్చిన సోపానాలే ఇక్కడ కొత్త పేర్లతో కనిపిస్తాయి. ఆ క్రమం మీద నాకు అభ్యంతరం లేదు. పాఠానికి మొదలు, నడక, ముగింపు ఉండాలన్నది న్యాయమే. కానీ ఈ పేజీని నిజాయతీగా నింపిన ఉపాధ్యాయుడు, అదే పాఠాన్ని మరుసటి సంవత్సరం చెప్పేటప్పుడు ఈ పేజీ నుంచి కొత్తగా తెలుసుకునేది ఏముంటుంది? ఏం చెప్పాలనుకున్నామో ఉంటుంది. చెప్పినప్పుడు ఏం జరిగిందో ఉండదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏడవ తరగతిలో పూర్ణ సంఖ్యలు బోధించినప్పుడు మైనస్ మూడు నుంచి అయిదు తీసివేయమంటే ప్లస్ ఎనిమిది అని రాసే పిల్లలు ప్రతి సంవత్సరమూ ఉంటారు. ‘రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్’ అని వారు గట్టిగా నమ్ముతారు. అది గుణకారానికి సంబంధించిన నియమమని, ఇలాంటి తీసివేతలో దానికి పని లేదని చెప్పినంత మాత్రాన ఆ నమ్మకం పోదు. మూడు రూపాయలు బాకీ ఉన్నవాడు మరో అయిదు రూపాయలు అప్పు తెచ్చుకుంటే చేతిలో ఎనిమిది రూపాయలు మిగులుతాయా అని అడిగినప్పుడు కొందరు దిద్దుకుంటారు. సంఖ్యారేఖ మీద ఎడమవైపు నడిపిస్తే మరికొందరు దిద్దుకుంటారు. ఇంకొందరికి ఈ రెండు పద్ధతులూ పట్టవు. వారి చేత మైనస్ మూడు నుంచి ఒకటి, రెండు, మూడు వరుసగా తీసివేయించి జవాబుల వరుసను చూపాలి. ఏ బిడ్డకు ఏ దారి పనిచేస్తుందో తెలుసుకోవడమే గణిత ఉపాధ్యాయుడి వృత్తి జ్ఞానం. గణితంలో పీహెచ్‌డీ చేసినవారికి ఈ జ్ఞానం దానంతట అది రాదు, పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, బీఈడీ రికార్డులోనూ దొరకదు.

ఈ జ్ఞానానికి ఒక పేరు పెట్టి చర్చలోకి తెచ్చినవాడు అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్. ఉపాధ్యాయుడికి విషయ పరిజ్ఞానం వేరుగా, బోధనా పద్ధతుల పరిజ్ఞానం వేరుగా ఉంటే చాలదని, ఒక విషయాన్ని పిల్లలకు అందేలా ఎలా మలచాలి, అందులో వారు ఎక్కడ తడబడతారు అన్నది తెలిపే మూడవ రకం జ్ఞానం ఒకటుందని ఆయన 1986లో వాదించాడు. గణితం విషయంలో అమెరికన్ పరిశోధకురాలు డెబొరా బాల్, ఆమె సహచరులు దాన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లారు. తప్పు జవాబు చూసి దాని వెనుక ఉన్న ఆలోచనను పట్టుకోవడం గణితం తెలిసిన ఇతర వృత్తుల వారికి పెద్దగా అవసరపడని, ఉపాధ్యాయుడికే ప్రత్యేకమైన గణిత జ్ఞానమని వారు చూపించారు. ఇంజినీరుకు సరైన జవాబు వస్తే చాలు. ఉపాధ్యాయుడికి 52 నుంచి 27 తీసివేస్తే 35 అని రాసిన పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసివేస్తున్నాడని తెలియాలి. సగం, మూడోవంతు కలిపితే రెండు బై అయిదు అని రాసినవారు లవహారాలను నాలుగు విడి సంఖ్యలుగా చూస్తున్నారని తెలియాలి. దశాంశ బిందువు తరువాత 25 ఉన్న సంఖ్య 3 ఉన్న సంఖ్య కంటే చిన్నదని చెబితే నమ్మనివారు బిందువుకు కుడివైపున ఉన్నదాన్ని మామూలు పూర్ణాంకంగా చదువుతున్నారని తెలియాలి. త్రిభుజం భూమి పేజీ అడుగున అడ్డంగా లేకపోతే దాని ఎత్తు గీయలేని పిల్లలు తొమ్మిదో తరగతిలోనూ ఉన్నారని, అందుకు మనం నల్లబల్ల మీద ఎప్పుడూ ఒకే తీరున గీసే బొమ్మే కారణమని కూడా తెలియాలి.

320 రూపాయల పుస్తకం నుంచి విద్యా సిద్ధాంతం ఆశించడం అతి అని ఎవరైనా అనవచ్చు. నేను ఆశించేది సిద్ధాంతం కాదు, చోటు. ప్రతి పీరియడ్‌కు ‘పలకరింపు’ అని ఒక పూర్తి వరుస ఇచ్చినవారు, ‘ఈ పాఠంలో పిల్లలు చేసిన తప్పులు’ అని ఒక వరుస, ‘పనిచేసిన ఉదాహరణ’ అని మరొకటి ఇవ్వలేరా? పలకరింపు వరుసలో అందరం రాసేది ఒకటే వాక్యమని రాసేవారికీ తెలుసు, సంతకం చేసేవారికీ తెలుసు. ‘పిల్లల ప్రతిస్పందన’ వరుసలో ‘సంతృప్తికరం’ అన్న మాట తప్ప మరొకటి పట్టదు. నా పుస్తకంలో వెనుక ఉన్న ‘గమనికలు’ పేజీలను అధ్యాయాల వారీగా విభజించుకుని తప్పుల పట్టికగా మార్చుకున్నాను. ఎనిమిదో తరగతి బీజగణితంలో 3ఏ, 2బీ కలిపి 5ఏబీ అని రాసేవారి కోసం వేరు వేరు రాశులను చేర్చలేమని ఎలా చూపించాలి అన్న దాని మీదే ఒక పేజీ నిండింది. పుస్తకం మొత్తంలో మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్న పేజీలు అవే. తీరా అవి అచ్చువేసినవారు ఏ ప్రయోజనమూ నిర్దేశించకుండా ఖాళీగా వదిలిన పేజీలు.

మూల్యాంకనం భాగం మిశ్రమంగా ఉంది. పాఠాలు నడుస్తుండగా జరిపే నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు (ఎఫ్ఏ), కొంత సిలబస్ ముగిశాక జరిపే రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలకు (ఎస్ఏ) తగిన పట్టికలున్నాయి. పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్షలకు విడివిడిగా అయిదేసి మార్కుల చొప్పున గడులు, మొత్తం 20కి కూడిక గడి సరిగా అమర్చారు. గీతలు ముదురుగా ఉండటం వల్ల వరుస తప్పి మార్కు వేసే ప్రమాదం తక్కువ. అయితే ఇద్దరు పిల్లలకు చెరి 12 మార్కులు వచ్చాయనుకుందాం. ఒకరు లఘు పరీక్షలో వెనుకబడి తరగతిలో చురుకుగా అడిగి తెలుసుకునేవారు కావచ్చు, మరొకరు అన్నీ బట్టీపట్టి రాసి నోరు విప్పనివారు కావచ్చు. పట్టికలో ఆ తేడా అంకెలుగా కనిపిస్తుంది గానీ, దాని గురించి ఏం చేశారో రాయడానికి గడి లేదు. చట్టంలోని 24వ సెక్షన్ అడిగే ‘అదనపు బోధన’ ఎవరికి, ఏ భావనలో, ఎప్పుడు ఇచ్చారో రాసుకునే పేజీ మొత్తం పుస్తకంలో ఒక్కటే ఉంది, అందులోనూ పేరు, తేదీ, సంతకం అన్న మూడు గడులే ఉన్నాయి. మొదటి పేజీల్లో చట్టాన్ని అంత చక్కగా అచ్చువేసినవారు దానిలోని అతి ముఖ్యమైన పనికి ఒకే పేజీ కేటాయించడం వింతగా ఉంది.

హాజరు పేజీలు మామూలు హాజరు పట్టీకి నకలు మాత్రమే. ఇది పెద్ద లోపం కాకపోయినా ఒక అవకాశం చేజారింది. హాజరు పట్టీని ఉపాధ్యాయుడు చదివే తీరు వేరు. పత్తి ఏరే కాలంలో ఏ ఇళ్ల పిల్లలు వారంలో రెండు రోజులు బడికి రారు, దేవరకొండ వైపు తండాల నుంచి పనుల కోసం వలసపోయే కుటుంబాల పిల్లలు ఎప్పుడు వెళ్లి ఎప్పుడు తిరిగివస్తారు, సోమవారం మాత్రమే తప్పిపోయే పిల్లవాడి ఇంట్లో ఏం జరుగుతోంది అన్నవన్నీ ఆ గడుల్లోంచే తెలుస్తాయి. పదో తరగతి ఆడపిల్ల పండుగ సెలవుల తరువాత తిరిగి రాకపోతే అది జ్వరమా, పెళ్లి ప్రయత్నమా అని వెంటనే ఆరా తీయవలసినవారిలో మొదటివారు తరగతి ఉపాధ్యాయులే. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. అలాంటప్పుడు డైరీలోని ‘ముఖ్యమైన ఫోన్ నంబర్లు’ పేజీలో ప్రచురణకర్త నంబరు, గ్యాస్ బుకింగ్ నంబరు అచ్చువేసి, బాలల సహాయవాణి 1098ని వదిలేయడం క్షమించదగిన విషయంగా నాకు తోచలేదు. వచ్చే ముద్రణలో ఇంకేమీ మార్చకపోయినా ఈ ఒక్క అంకె చేర్చాలి.

ఉపాధ్యాయుడి దినచర్యలో బోధనకు బయట ఉన్న పనులను ఈ పుస్తకం దాదాపు గుర్తించదు. ఉదయం ప్రార్థన ముగియగానే భోజనానికి ఎంతమంది ఉన్నారో లెక్క తీయాలి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత స్థాయిలో 150 గ్రాముల చొప్పున బియ్యం లెక్క నిల్వతో సరిపోవాలి. వండినదాన్ని వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ మాత్రలు వేయించి ఎవరు మింగారో, ఎవరు రాలేదో నమోదు చేయాలి. బడుల సమాచారం నమోదు చేసే యూడైస్ వివరాలు, ఆధార్‌లోని పేరుకూ బడి రికార్డులోని పేరుకూ తేడా ఉంటే సరిచేయించడం, పన్నెండు అంకెల అపార్ గుర్తింపు సంఖ్యలు, ఉపకార వేతనాల దరఖాస్తులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. వీటన్నిటిలో పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) తయారీని నేను అతి బాధ్యతగల పనిగా భావిస్తాను. అందులో ఇంటిపేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీలో ఒక అంకె తప్పితే ఆ తప్పు ఎస్సెస్సీ ధ్రువపత్రంలోకి ఎక్కుతుంది, ఉద్యోగ దరఖాస్తులోనూ పాస్‌పోర్టులోనూ జీవితాంతం వెంటాడుతుంది. ఈ పని కోసం ప్రవేశాల రిజిస్టరుతో పోల్చి చూసుకునే తనిఖీ పేజీ ఒకటి ఈ డైరీలో ఉండి ఉంటే అది ఒక్కటే పుస్తకం ధరకు న్యాయం చేసేది.

విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ పదేళ్ల జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే విద్యేతర పనికీ ఉపాధ్యాయులను వాడరాదని చెబుతుంది. దాన్ని కూడా డైరీ మొదటి భాగంలో అచ్చువేశారు. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ప్రాథమిక ఉపాధ్యాయులు ఎన్యూమరేటర్లుగా వెళ్లగా ఆ రోజుల్లో ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిచాయి. ఇలాంటి వారాల్లో ప్రణాళిక ఎలా సర్దుకోవాలి, తప్పిపోయిన పీరియడ్లలోని ఏ అంశాన్ని కుదించవచ్చు, ఏది కుదించకూడదు అన్న నిర్ణయం ఉపాధ్యాయుడు ఒంటరిగా తీసుకుంటాడు. ‘కోల్పోయిన పీరియడ్లు, కారణం, సర్దుబాటు’ అని నెలకు ఒక పావు పేజీ ఇచ్చినా ఆ నిర్ణయాలకు లిఖిత ఆధారం ఏర్పడేది. సిలబస్ ఎందుకు వెనుకబడిందని తరువాత ఎవరైనా అడిగినప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడనవసరం ఉండేది కాదు.

ప్రాథమిక పాఠశాలల వారు ఈ పుస్తకం కొనకపోవడమే మంచిది. ఒక మిత్రుడు ఇద్దరు ఉపాధ్యాయులున్న ప్రాథమిక బడిలో దీన్ని వాడి చూసి కొద్ది వారాల్లోనే పక్కన పెట్టారు. అందుకు కారణం సులువుగా అర్థమవుతుంది. ఒకటి, రెండు తరగతులకు మూడేసి, మూడు నుంచి అయిదు తరగతులకు నాలుగేసి సబ్జెక్టుల చొప్పున మొత్తం 18 సబ్జెక్టులు ఇద్దరు పంచుకునే చోట, ఒక పేజీకి ఒక తరగతి, ఒక సబ్జెక్టు అన్న నమూనా ఎలా ఇముడుతుంది? అక్కడ ప్రణాళికకు ప్రాతిపదిక తరగతి కాదు, పిల్లల స్థాయి. ఒక గుంపు సొంతంగా చదువుకుంటుండగా రెండో గుంపుకు కొత్త అంశం చెప్పడం, మూడో గుంపు చేసిన అభ్యాసాన్ని పెద్ద పిల్లల చేత సరిచూపించడం అన్నది బహుళ తరగతి బోధనలోని మెలకువ. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ విద్యాసంస్థ వారు తమ గ్రామీణ బడుల్లో పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో గోడ మీది అభ్యసన నిచ్చెనలో చూపించే పద్ధతిని రూపొందించింది ఈ అవసరం కోసమే. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల్లో పిల్లల స్థాయిని గుర్తించి బోధించమంటుంది. ‘నూట అయిదు’ అని చెబితే 1005 అని రాసే బిడ్డ మూడో తరగతిలో ఉన్నా, అయిదో తరగతిలో ఉన్నా ఆ పూటకు కావలసిన పాఠం ఒకటే, స్థాన విలువ. ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్న బిడ్డకు అక్షరం కంటే ముందు మాట పరిచయం కావాలి. ఈ డైరీలో ఆ ఊహకే చోటు లేదు.

శిక్షణల వివరాల పేజీ గురించి ఒక్క మాట. ఉపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటల నిరంతర వృత్తి వికాసంలో పాల్గొనాలని 2020 జాతీయ విద్యా విధానం ఆశిస్తుంది. ఈ పుస్తకంలో శిక్షణ పేరు, స్థలం, తేదీలు రాయడానికి గడులున్నాయి. అక్కడ విన్నదానిలో ఏది తరగతిలో ప్రయత్నించారు, ఏమైంది అన్న గడి లేదు. శిక్షణలకు హాజరైన లెక్క సేవా పుస్తకానికి చాలు, బోధన మెరుగుపడటానికి చాలదు.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. ఉపాధ్యాయ సంఘాల డైరీలు ప్రభుత్వ ఉత్తర్వులు, సెలవుల నియమాల కోసం ఉత్తమమైనవి, పాఠ్య ప్రణాళికకు పనికిరావు. ఫోన్‌లో ప్రణాళికలు రాసుకునే వారున్నారు, కానీ తరగతిలో పిల్లవాడి తప్పు కనబడిన క్షణంలో ఫోన్ తీసి రాయడం కంటే పెన్ను తీసి రాయడమే సులువని నా అభిప్రాయం. తరగతి గదిలో ఉపాధ్యాయుడి చేతిలో ఫోన్ కనిపిస్తే ఎవరేం అనుకుంటారో వేరే సంగతి. ఇక అదే దుకాణంలో అరవై రూపాయలకు దొరికే రెండు క్వైర్ల పొడవాటి నోటుపుస్తకం ఉంది. గీతలు తామే గీసుకోగల ఓపిక, ఏం నమోదు చేయాలో తెలిసిన అనుభవం ఉన్నవారికి దానికి మించినది లేదు.

కనుక ఎవరు కొనాలి? డీఎస్సీ ద్వారా కొత్తగా ఉన్నత పాఠశాలల్లో చేరి ఒకే సబ్జెక్టు బోధించే స్కూల్ అసిస్టెంట్లు నిస్సందేహంగా కొనవచ్చు. వార్షిక ప్రణాళిక, విద్యా ప్రమాణాలు, మూల్యాంకన పట్టికలు ఎలా ఉండాలో అధికారి వచ్చేదాకా వేచి చూడకుండా ఈ పుస్తకం నుంచే నేర్చుకోవచ్చు. అనుభవజ్ఞులకు దీని అవసరం సగమే. ప్రాథమిక బడుల్లో బోధించే ఎస్‌జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) డబ్బు దాచుకోవచ్చు. నా అంచనాలో రికార్డు పుస్తకంగా అయిదుకు నాలుగు, బోధనకు తోడుగా అయిదుకు రెండు. కొనేవారు దుకాణంలో రెండు విషయాలు చూసుకోవాలి. స్పైరల్ బైండింగ్ ప్రతి కూడా ఇదే ధరకు అమ్ముతున్నారు, సంచిలో టిఫిను డబ్బా కింద నలిగి దాని చివరి పేజీలు దసరాకే ఊడిపోతాయి కనుక కుట్టిన ప్రతినే అడగాలి. రెండవది, వెనుక ఉన్న ‘గమనికలు’ పేజీలు కొత్త ముద్రణలో తగ్గించి ఆ చోట ప్రకటనలు వేశారు. పాత ముద్రణ ప్రతులు అరలో ఇంకా మిగిలి ఉంటే వాటినే తీసుకోవడం మేలు. తేదీలు చేత్తో దిద్దుకుంటే సరిపోతుంది.